కల్చర్ గది తలుపుకు పెట్టిన రాయి

దెయ్యాల మాటలు మొదలైతే నేను అక్కడి నుంచి లేచిపోయే రకం. మాది శిరివెళ్ల. మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవాళ్లు. నేను థర్మామీటరు తెచ్చి పెట్టేవాడిని. చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్. కొలవగలిగితే అది ఉన్నట్టు, కొలవలేకపోతే అది నా పని కాదు అనుకుంటూ పెరిగాను. ఇది కూడా ఆ పద్ధతిలోనే రాస్తాను. నేను చూసింది ఏది, ఇంకొకరు చెప్పింది ఏది, యంత్రం నమోదు చేసింది ఏది అన్నది విడివిడిగా చెబుతాను.

నంద్యాల శివార్లలో ఒక కాలేజీకి చెందిన చిన్న ప్రయోగశాలలో నేను టెక్నీషియన్‌ని. అక్కడ జీవకణాలను చిన్న చిన్న పళ్లేలలో పెంచుతారు. పెంచేది పరిశోధక విద్యార్థులు. ఆ కణాలకు అందే గాలిని చూసుకునేది నేను. శరీరం బయట కణం బతకాలంటే వెచ్చదనం, తేమ మాత్రమే చాలవు, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. కొన్ని ప్రయోగాలలో ఆక్సిజన్‌ను కావాలనే తగ్గిస్తాం. క్యాన్సర్ గడ్డ నడిమధ్యకు రక్తం సరిగా అందదు. అక్కడి కణాలు ఒక శాతం ఆక్సిజన్‌తోనే నెట్టుకొస్తాయి. ఆ స్థితిని ఒక పెట్టెలో తయారు చేయడానికి నైట్రోజన్ పంపుతాం. నైట్రోజన్ లోపలికి వచ్చేకొద్దీ ఆక్సిజన్ బయటికి పోతుంది.

నైట్రోజన్ విషం కాదు. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. రంగు లేదు, వాసన లేదు. ప్రమాదమంతా అందులోనే ఉంది. మూసిన గదిలో అది నిండుతూ ఉంటే ఊపిరి ఆడనట్టు కూడా అనిపించదు. మనిషికి తెలియకుండానే తల వాలిపోతుంది. చుట్టుపక్కల ఎవరూ లేకపోతే అంతే.

కణాలు పెంచే మా కల్చర్ గది పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఆరు. కిటికీ లేదు. ఒకే తలుపు, వరండాలోకి తెరుచుకుంటుంది. వదిలితే దానంతట అదే మూసుకునేలా పైన స్ప్రింగు బిగించారు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు బయట షెడ్డులో ఉంటాయి, గోడలోంచి గొట్టం వస్తుంది. నైట్రోజన్‌కు అలాంటి గొట్టం వేయించడానికి అనుమతి రాలేదు. అందుకని ఆ సిలిండరు గదిలోనే, గోడకు గొలుసు వేసి నిలబెట్టి ఉండేది.

సిలిండర్లు మార్చేది దేవదానం. ఆళ్లగడ్డ మనిషి. ఇరవై రెండేళ్లు గ్యాస్ ఏజెన్సీలో పనిచేశాడు. మొదట సోడా మిషన్లకు, తర్వాత ఆసుపత్రులకు సిలిండర్లు బిగించాడు. రిటైరయ్యాక మా దగ్గర చేరాడు. రోజూ బస్సులో వచ్చి పోయేవాడు. కొత్త సిలిండరు బిగించిన ప్రతిసారీ జాయింటులోని రబ్బరు రింగు మార్చి, ఒక స్టీలు గ్లాసులో కుంకుడుకాయ నురుగు తెచ్చి జాయింటు చుట్టూ వేలితో పూసేవాడు. ఎక్కడైనా లీకుంటే నురుగు ఉబ్బుతుంది. సబ్బు నురుగు బేగా ఆరిపోతుందని, కుంకుడు నురుగైతే నిలబడుతుందని చెప్పేవాడు. నా దగ్గర డిజిటల్ మీటర్లు ఉన్నాయని ఒకసారి అంటే, గ్లాసు పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"నీ మిషన్‌కు ముక్కుండాదా సారూ?"

నైట్రోజన్‌కు వాసనే లేదు కదా, ముక్కుండి ఏం లాభం అన్నాను.

"అందుకే గదప్పా చెప్తాండేది. వాసనొచ్చే దొంగనైతే కుక్కైనా పట్టుకుంటాది."

అతనికి ఇంకొక అలవాటు ఉండేది. సిలిండరు మార్చిన రోజు, ఆ తర్వాత రోజు కూడా, కల్చర్ గది తలుపు మూయనిచ్చేవాడు కాదు. దానికి అడ్డంగా పెట్టడానికి ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక షెడ్డు నుంచి నల్లరాయి ముక్క తెచ్చుకున్నాడు. అది నంది ముంగాలు. చెక్కుతుండగా రాతిలో సన్నటి చీలిక బయటపడితే శిల్పి పక్కన పడేశాడట. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి నంది కాలు మోసుకొచ్చాడని అటెండరు మద్దిలేటి ఆటపట్టించేవాడు. కాలే గదా, నందంతా తేలేదు గదా అని దేవదానం జవాబు. గదిలో ఎవరైనా తలుపు వేసుకుని పనిచేస్తుంటే మాత్రం వరండాలోంచే వినపడేలా అనేవాడు, "తలుపు మూసుకోని ఏం పని పాపా?" అని.

నాకు అది నచ్చేది కాదు. తలుపు తెరిచి ఉంటే దుమ్ము వస్తుంది, బూజు బీజాలు వస్తాయి, కణాలు పాడవుతాయి. కిడ్నీ జబ్బు ముదిరి దేవదానం మంచం పట్టాక, మూడు వారాల తర్వాత ఇక అతను రాడని తెలిసిపోయింది. అప్పుడు నేను ఆ రాయిని తీసేశాను. షెడ్డు వెనక్కి తీసుకెళ్లి గోడ వారన, మట్టిలో పెట్టేశాను. సిలిండరు మార్చడానికి పద్నాలుగు అంశాలతో ఒక జాబితా రాసుకుని గోడకు అంటించాను. గొలుసు, పీడనం, ప్రవాహం, పెట్టెలో ఆక్సిజన్ శాతం, అన్నీ ఉన్నాయి. రబ్బరు రింగు సంగతి లేదు, నురుగు సంగతి లేదు. అవి దేవదానం పనులు. నేను చేసే పనులకే నేను జాబితా రాసుకున్నాను.

అతను చనిపోయాడన్న కబురు ఒక శుక్రవారం సాయంత్రం వచ్చింది. మర్నాడు రెండో శనివారం, కాలేజీకి సెలవు. మధ్యాహ్నం ఆళ్లగడ్డలో ఖననం.

ఆ శనివారమే రిజ్వానా ప్రయోగానికి ఆఖరి రోజు. రిజ్వానా వెలుగోడు అమ్మాయి, మా పరిశోధక విద్యార్థిని. డెబ్భై రెండు గంటలు ఒక శాతం ఆక్సిజన్‌లో ఉంచిన కణాలను ఆ రోజు బయటికి తీయాలి. మూడు నెలల శ్రమ. పొద్దున నేను వచ్చి చూస్తే నైట్రోజన్ అడుగంటింది. షెడ్డు ముందు వైపు నుంచి కొత్త సిలిండరు ట్రాలీ మీద తెచ్చి ఎనిమిదిన్నరకు మార్చాను. జాబితాలోని పద్నాలుగూ టిక్కు పెట్టాను. తొమ్మిదిన్నర బస్సు పట్టుకోవాలని హడావుడిగా ఉన్నాను. మీటర్లన్నీ సరిగానే చూపించాయి. రిజ్వానాకు ఫోన్ చేసి అంతా సిద్ధంగా ఉందని చెప్పి బయలుదేరాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ గదిలో రెండు ఆక్సిజన్ సెన్సర్లు ఉండేవి. ఒకటి పెట్టె లోపల. రెండోది పెట్టె పైన, గది గాలిలో. పోల్చి చూసుకోవడానికి మాత్రమే దాన్ని పెట్టాం. మామూలు గాలిలో అది ఇరవై పాయింట్ తొమ్మిది చూపించాలి. రెండింటి అంకెలూ నిమిషానికి ఒకసారి కంప్యూటర్లో పడేవి. ఆ రెండోదానికి అలారం పెట్టాలని మాలో ఎవరికీ తోచలేదు. గది గాలిని పీల్చేది మనుషులని, కణాల మీద దృష్టి పెట్టి మేం మరిచిపోయాం.

ఆళ్లగడ్డలో ఇంటి దగ్గర ప్రార్థన అయ్యాక అందరం శ్మశానానికి నడిచాం. శవపెట్టె దించే ముందు పాస్టరు గారు వాక్యం చదువుతున్నారు. రెండు గంటల బస్సు అందుతుందా లేదా అని నేను ఫోన్‌లో టైము చూశాను. అలా చూసినందుకు సిగ్గుపడాల్సిన విషయమే, కానీ చూశాను. ఒంటిగంట పదకొండు నిమిషాలు. సరిగ్గా అప్పుడే దేవదానం భార్య రూతమ్మ నా పక్కకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆమెకు.

"ఆ రాయి ఆడనే ఉండాదా నాయనా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏ రాయి అన్నాను.

"ఆ తలుపు కాడి రాయి. పొయ్యేముందు రెండు దినాలు ఆయన నోట్లో అదే మాట. తలుపు మూసుకున్యారేమో, ఆ పాప లోపల ఉంటాదేమో అని లేచి కూచుంటాండె. నేను పొయ్యొస్తా నా చెప్పులియ్యి అంటాండె."

తీసేశానని చెప్పలేకపోయాను.

"ఉందమ్మా. అక్కడే ఉంది," అన్నాను.

ఆమె తల ఊపి వెనక్కి వెళ్లింది. కాసేపటికి అందరం తలా పిడికెడు మట్టి వేశాం.

ఒంటిగంట నలభైకి మద్దిలేటి ఫోన్ చేశాడు. "శేఖరప్పా, బేగా రా. పాప పడిపోయింది. ఇప్పుడు మాట్లాడతాండాది, భయం లేదు. నువ్వయితే రా."

మూడుంబావుకు నంద్యాల చేరాను. రిజ్వానాను అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నుదుటి మీద చిన్న దెబ్బ తప్ప ఏమీ లేదన్నారు. నేను నేరుగా ప్రయోగశాలకు వెళ్లాను.

కల్చర్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. దానికి అడ్డంగా నంది కాలు ఉంది. దేవదానం ఎప్పుడూ ఎలా పెట్టేవాడో అలాగే, గిట్ట వైపు వరండాలోకి, చీలిక ఉన్న వైపు తలుపుకు ఆనించి.

ముందు కంప్యూటర్ చూశాను. పదకొండు నలభై వరకు గది గాలిలో ఆక్సిజన్ మామూలుగానే ఉంది. రిజ్వానా లోపలికి వచ్చి తలుపు వేసుకుంది పదకొండున్నరకు. తర్వాత గీత దిగడం మొదలైంది. పన్నెండున్నరకు పదిహేడు శాతం. ఒంటిగంటకు పన్నెండు. ఒంటిగంట పదకొండు నిమిషాలకు పదకొండు పాయింట్ రెండు. ఆ రోజుకు అదే అన్నిటికన్నా తక్కువ. ఒంటిగంట పన్నెండుకు పదమూడు పాయింట్ ఆరు. అక్కడి నుంచి గీత నిటారుగా పైకి లేచింది. తలుపు తెరిస్తే తప్ప అలా లేవదు.

ఫోన్ గడియారాన్ని, కంప్యూటర్ గడియారాన్ని పక్కపక్కన పెట్టి చూశాను. తేడా లేదు.

తర్వాత సిలిండరు దగ్గరికి వెళ్లాను. పూర్తిగా ఖాళీ. జాయింటు విప్పితే పాత రబ్బరు రింగు రెండు ముక్కలుగా ఊడి వచ్చింది. పదకొండు నలభై దాకా ఓర్చుకుని అప్పుడు తెగి ఉంటుంది. అప్పుడు ఎందుకో చొక్కా జేబు తడుముకున్నాను. కొత్త రింగు జేబులోనే ఉంది. పొద్దున మార్చడానికే తీశాను. రిజ్వానాకు ఫోన్ చేస్తూ జేబులో వేసుకుని, ఎక్కించడం మరిచిపోయాను. దాన్ని పెట్టుకునే ఖననానికి వెళ్లి వచ్చాను. ఏసీ, గాలి శుద్ధి చేసే ఫ్యాను చేసే రొదలో రిజ్వానాకు ఆ బుస వినపడి ఉండదు.

ఆ వరండాలో నేల మీద కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో ఆ ఒక్కటి నమోదు చేసుకోలేదు.

తర్వాత రాయి సంగతి. దాన్ని సిలిండర్లు తూచే కాటా మీద పెట్టాను. ఇరవై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. షెడ్డు వెనక్కి వెళ్లి చూశాను. ముందు రాత్రి వాన పడింది. అక్కడిది నల్లరేగడి. వానకు తడిస్తే ఒక్క అడుగు వేసినా చెప్పుకు ముద్దలా అంటుకుంటుంది, అచ్చు అలాగే ఉండిపోతుంది. గోడ వారన రాయి ఉండాల్సిన చోట దాని ఆకారంలో గుంట ఉంది. గుంట చుట్టూ మట్టి నున్నగా ఉంది. ఒక్క అడుగు లేదు. లాగిన చార లేదు. నా అడుగులు కూడా లేవు, ఎందుకంటే ఆ పొద్దున నేను షెడ్డు ముందు వైపు సిమెంటు మీదే నడిచాను. గుంట దాకా వెళ్లకుండా దూరం నుంచే ఫోటో తీసుకున్నాను. వరండాలోని తెల్ల బండల మీద కూడా మట్టి లేదు. రాయి అడుగున మాత్రం తడి నల్లమట్టి, రెండు గడ్డి పోచలు ఉన్నాయి.

మద్దిలేటిని అడిగాను. సెలవు రోజు గేటు కాపలా అతనిదే, ఆ వేళకు గేటు దగ్గరి గదిలో అన్నం తింటున్నాడు. చేయి కడుక్కుని వరండా వైపు వస్తే రిజ్వానా గడప మీద సగం బయటికి పడి ఉందట. తలుపు అప్పటికే తెరిచి ఉందట, రాయి కూడా ఉందట. నువ్వే పెట్టి మరిచిపోయావేమో గుర్తు తెచ్చుకో అన్నాను. అతను కోప్పడలేదు.

"ఆ రాయి ఎత్తేటోన్నైతే ముందు పాపను ఎత్తుకోనొచ్చేటోన్ని గదప్పా."

ఇప్పటికీ నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలే మాట అదే. తలుపు తెరిచిన వాడు ఎవరైనా సరే, లోపల పడిపోయిన మనిషిని చూసి కేక వేస్తాడు, బయటికి లాగుతాడు. రాయి పెట్టి వెళ్లిపోడు. గేటు రిజిస్టరులో ఆ రోజు రెండే పేర్లు ఉన్నాయి, నాది, రిజ్వానాది. గేటు కెమెరాలో కూడా మేమిద్దరమే.

రిజ్వానాయే పెట్టుకుందా అని కూడా ఆలోచించాను. రాయి ఎక్కడ పెట్టానో ఆమెకు తెలియదు. పదకొండు శాతం ఆక్సిజన్‌లో ఇరవై మూడు కిలోలు మోయడం మాట అటుంచి, కుర్చీలోంచి లేవడమే కష్టం. మర్నాడు ఆసుపత్రిలో నేను రింగు సంగతి దాచకుండా చెప్పాను. పక్కన వాళ్ల నాయన ఉన్నాడు. ఆయన లేచి బయటికి వెళ్లి నిలబడ్డాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

రిజ్వానా తనకు గుర్తున్నది చెప్పింది. కళ్లు మసకబారడం గుర్తులేదు. తల బల్లకు తగలడం గుర్తులేదు. "ఎవరో 'తలుపు మూసుకోని ఏం పని పాపా' అన్నెట్ల ఇనపడింది అన్నా. దేవదానం తాత గొంతే. తాత పొయ్యినాడు గదా అని కూడా గుర్తొచ్చింది. గుర్తొచ్చి కండ్లు తెరిస్తే ఎదురుగా ఎలుతురు. దాని దిక్కే పాక్కుంటా వచ్చినా."

ఈ మాటను నేను సాక్ష్యంగా తీసుకోను. ఆక్సిజన్ తగ్గిన మెదడు ఏవేవో వినిపిస్తుంది. ఆ మాట ఆమె అంతకు ముందు వందసార్లు విని ఉంటుంది. దీనికి కారణం చెప్పగలను. రాయికి చెప్పలేను.

మా ఇన్‌చార్జి మేడం ప్రమాద నివేదిక రాయమన్నారు. లీకుకు కారణం అన్న గడిలో నా పేరు, నా తప్పు రాశాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. గదిలో అలారం పెట్టించారు, నైట్రోజన్‌ను షెడ్డులోకి మార్చారు. కణాలు మాత్రం పోయాయి. గ్యాస్ అయిపోయాక పెట్టెలోకి మామూలు గాలి వచ్చేసింది. రిజ్వానా వారం తర్వాత వచ్చి ప్రయోగం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

నివేదికలో ఇంకొక గడి ఉంది. తలుపు తెరిచినవారు. దాన్ని ఖాళీగా వదిలాను. ఏ గడీ ఖాళీగా ఉండకూడదని మేడం తిప్పి పంపారు. ఆ నియమం అంతకు ముందు నేను పెట్టించిందే. ‘తెలియదు’ అని రాసి సంతకం చేశాను.

నలభయ్యో రోజు ప్రార్థనకు మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను. అందరూ భోజనాలకు లేచాక రూతమ్మ దగ్గర కూర్చున్నాను. ఆ రోజు నీతో అబద్ధం చెప్పానమ్మా అన్నాను. రాయిని అంతకు ముందే నేనే తీసేశానని, ఉందని చెప్పింది మొహమాటానికేనని, తర్వాత జరిగింది ఇదని, మొత్తం వరుసగా చెప్పాను. నిమిషాలతో సహా చెప్పాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. విస్తర్లు తీస్తున్న పిల్లలకు ఏదో చెప్పి, నా వైపు తిరిగింది.

"అయితే అబద్ధం యాడ చెప్పినావు నాయనా? నువ్వు ఉండాదన్న పొద్దుకు అది ఆడనే ఉండె గదా."

తిరుగు బస్సులో శిరివెళ్ల వచ్చేదాకా ఆ మాటనే కొలుచుకుంటూ కూర్చున్నాను. ఆమె అడిగినప్పుడు ఒంటిగంట పదకొండు. నేను జవాబు చెప్పేసరికి ఇంకొక అర నిమిషమో ముప్పావు నిమిషమో. గీత లేచింది పన్నెండుకు. నేను ఉందన్నాక రాయి వచ్చిందా, రాయి వచ్చాక నేను ఉందన్నానా అన్నది ఆ సెన్సరు చెప్పలేదు. అది నిమిషానికి ఒకసారే చదువుతుంది.

ఇప్పుడు నా జాబితాలో పదిహేడు అంశాలు ఉన్నాయి. పదిహేను రింగు, పదహారు కుంకుడు నురుగు. పదిహేడోది రాయి. సిలిండరు బయటికి మారింది కాబట్టి దాని అవసరం లేదని మేడం అన్నారు, నిజమే. అయినా సిలిండరు మార్చిన ప్రతిసారీ నేనే రెండు చేతులతో ఎత్తి, గిట్ట వరండా వైపు ఉండేలా తలుపుకు పెడతాను. పెట్టాక టిక్కు కొడతాను. ఆ నివేదికలోని గడిలో మాత్రం ‘తెలియదు’ అనే ఉంది. దాన్ని దిద్దడానికి నాకు ఇప్పటిదాకా ఇంకొక మాట దొరకలేదు.